నడుముకు పిస్టల్, చేతిలో బన్ను

ఆ అమ్మాయి రెండు చేతులూ పైకెత్తేసింది.

"పర్సు మొత్తం తీసుకోండి. నన్ను మాత్రం ఏం చెయ్యకండి," అంది గట్టిగా కళ్ళు మూసుకుని.

కౌంటర్ వెనక ఉన్న యువకుడు వేడి బన్నుల ట్రే పట్టుకుని కొయ్యబారిపోయాడు. క్యూలో నిలబడ్డవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. అందరికన్నా ముందు తేరుకున్నది అతనే.

"మొత్తం వద్దండీ. బన్నుకి సరిపడా ఇవ్వండి చాలు."

క్యూ అంతా గొల్లుమంది. ఆమె ఒక కన్ను తెరిచింది. తలమీద తెల్ల టోపీ, ముక్కు మీద పిండి, బుగ్గన నవ్వు ఆపుకుంటున్న సొట్ట. దొంగ కాదు, బేకరీ ఓనర్. కానీ ఇందాక అతను ఓవెన్ వైపు తిరిగినప్పుడు ఏప్రన్ ముడి కింద, బెల్టుకి తగిలించిన తోలు కేసులో, నల్లటి పిస్టల్ ఆమె కంట పడింది. అది మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం.

"మరి... అది?" వేలితో చూపించింది.

"ఇదా? పిస్టల్."

"పిస్టలని తెలుస్తోంది. బన్నులమ్మే మనిషికి ఎందుకు అంటున్నాను."

"మా దేశంలో మామూలేనండీ."

"మా దేశంలో బన్నులమ్మేవాళ్ళ దగ్గర బన్నులే ఉంటాయి," అని ఆమె ఒట్టి చేతులతో బయటికి నడిచేసింది. వెనక నుంచి మళ్ళీ నవ్వులు వినిపించాయి. చెవులు ఎర్రబడ్డాయి గానీ తల మాత్రం వంచలేదు.

ఆమె లిఫ్ట్ ఇంజనీరు. ఆ వీధి చివర కడుతున్న పెద్ద భవనంలో లిఫ్టులు బిగించడానికి కంపెనీ పంపిస్తే, నిన్ననే ఈ దేశంలో దిగింది. వాళ్ళ దేశంలో తుపాకీ అంటే పోలీసుల దగ్గర ఉండేది, లేకపోతే సినిమాలో ఉండేది. బయల్దేరేటప్పుడు వాళ్ళ నాన్న పదేపదే చెప్పాడు. "అక్కడ పలకరింపుకి బదులు కాల్పులేనట తల్లీ. ఎవరితోనూ గొడవ పెట్టుకోకు."

వచ్చిన తెల్లారే గొడవ పెట్టుకుంది.

వీధిలో ఇంకో కొట్టు కూడా ఉంది. అక్కడి రొట్టె విసిరి కొడితే గోడకి గుంట పడేలా ఉంది. కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒక పొద్దున పనికి పోతూంటే బేకరీ నుంచి వెన్న వాసన వచ్చి ఆమెని చెయ్యి పట్టుకుని లాగినట్టయింది. వెళ్ళి గుమ్మం బయటే ఆగింది.

"లోపలికి రండి," అన్నాడతను.

"మీరు అది తీసేస్తే వస్తాను."

"బెల్టు తీసేస్తే ప్యాంటు జారిపోతుందండీ. వ్యాపారం పాడవుతుంది."

క్యూలో ఒకావిడ కిసుక్కున నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. నవ్వు గొంతుదాకా వచ్చింది, మింగేసింది.

"అయితే ఆ కిటికీలోంచి ఇవ్వండి. నేను లోపలికి రాను."

"వాన పడితే?"

"తడుస్తాను."

"ఎండాకాలం?"

"ఎండుతాను. రెండు బన్నులు, ఒక కాఫీ. త్వరగా ఇవ్వండి, పనికి టైమవుతోంది."

అలా మొదలైంది. రోజూ పొద్దున ఆమె పేవ్‌మెంట్ మీద నిలబడేది, అతను కిటికీ తలుపు తెరిచి అందించేవాడు. ఆమె అతనికి 'బన్నుల దొర' అని పేరు పెట్టింది. అతను ఆమెని 'బయటి కస్టమర్' అన్నాడు. కొన్నాళ్ళకి వీధంతా అదే పేరుతో పిలిచింది. అతను కావాలనే కాఫీ ఆలస్యంగా ఇచ్చేవాడు. ఆమె కావాలనే చిల్లర వెతుక్కునేది.

అన్నట్టే ఒకరోజు వాన వచ్చింది. మామూలు వాన కాదు, బిందెలతో కుమ్మరించినట్టు. ఆమె కదల్లేదు. జుట్టు ముక్కుకి అతుక్కుపోయి, బూట్లలో నీళ్ళు నిండి, ఐనా గడ్డం పైకెత్తి నిలబడింది. అతను ఉండబట్టలేక గొడుగు తీసుకుని బయటికొచ్చాడు.

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. చూపు అతని నడుము మీదుంది.

అతనికి అర్థమైంది. కాసేపు వానలో అలాగే నిలబడి, గిర్రున వెనక్కి తిరిగి లోపలికి పోయాడు. కౌంటర్ సొరుగు తెరిచిన చప్పుడు, తాళం తిరిగిన చప్పుడు. మళ్ళీ గొడుగుతో వచ్చాడు. ఈసారి నడుముకి ఏమీ లేదు.

"ప్యాంటు నిలిచిందే!" అందామె.

"మీ అదృష్టం," అన్నాడు.

అప్పటిదాకా దాచుకున్న నవ్వంతా ఒక్కసారిగా బయటపడింది. ఆ నవ్వు చూసి అతను గొడుగుని ఆమె మీద పట్టడం మరచిపోయాడు. ఇద్దరూ తడిశారు. చివరికి గొడుగు ఆమె చేతిలో పెట్టి లోపలికి పరిగెత్తాడు. లోపల ట్రే మాడిపోతోంది.

ఆ తరవాత సాయంత్రాలు కలిసి నడవడం, 'మీరు' పోయి 'నువ్వు' రావడం, అవన్నీ వాటంతటవే జరిగిపోయాయి. నడకకి వచ్చినప్పుడు పిస్టల్ కొట్లోనే ఉండేది. కొట్లో ఉన్నప్పుడు మాత్రం నడుముకే.

"అసలెందుకది నీకు?" అనడిగింది ఒక సాయంత్రం, పార్కు బెంచీ మీద.

అతను వెంటనే జోకు వెయ్యలేదు.

"నేను కాలేజీలో ఉండగా కొట్లో దొంగలు పడ్డారు. నాన్న ఒక్కడే ఉన్నాడు. ఇనప కడ్డీతో చెయ్యి విరగ్గొట్టారు. ఆ చేత్తో మళ్ళీ పిండి కలపలేకపోయాడు. ఆసుపత్రి నుంచి వస్తూ వస్తూ ఇది కొనుక్కొచ్చాడు. పోయేదాకా నడుముకే ఉంది. పోయాక నేను పెట్టుకున్నాను. ఇది లేకపోతే నాన్న కొట్లో లేనట్టుంటుంది."

ఆమె అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. మెత్తటి చెయ్యి, అంచులకి కాలిన మచ్చలు.

"మీ నాన్న గురించి నాకు బాధగా ఉంది. నిజంగా. కానీ పిస్టల్ గురించి నా మాట మారదు."

"మారమని నేనన్నానా?"

"అనవు. నవ్వి ఊరుకుంటావు. అదే నాకు మంట."

ఒక ఆదివారం అతని అమ్మ ఆమెని భోజనానికి పిలిచింది. కాబోయే కోడలని ఎవరూ అనలేదు గానీ, టేబుల్ మీద కొత్త గుడ్డ పరిచి ఉంది, గాజు గ్లాసులు బయటికొచ్చాయి. టైర్ల వ్యాపారం చేసే అతని మేనమామ కూడా వచ్చాడు. మంచి మనిషే, నోరే కాస్త పెద్దది. కూర్చుంటూనే తన పిస్టల్ తీసి, కంచం పక్కన చెంచా పెట్టినంత మామూలుగా పెట్టాడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మామయ్యగారూ, దాన్ని లోపల పెట్టేస్తారా? అప్పుడు తింటాను."

"ఇది పక్కనుంటేనే నాకు ముద్ద దిగుతుందమ్మా."

"ఇది పక్కనుంటే నాకు దిగదండీ."

ఆయన నవ్వాడు, అది హాయైన నవ్వు కాదు. "చూడమ్మాయ్. ఈ దేశం సంగతి నీకేం తెలుసు? టీవీలో చూసి మమ్మల్ని రాక్షసులనుకుంటారు మీరంతా. పరాయిదేశం నుంచి వచ్చి మా ఇంట్లో కూర్చుని మాకు బుద్ధులు చెప్తారు. నచ్చకపోతే విమానాలున్నాయిగా."

"రాక్షసులని నేననలేదు. నేను లిఫ్టులు కడతానండీ. మనిషన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతాడు, తొందరపడతాడు, పొరబడతాడు అని ఒప్పుకున్నాకే మా పని మొదలవుతుంది. అందుకే లిఫ్టు రాకుండా తలుపు తెరుచుకోదు. మీరు మంచివాళ్ళు కారని కాదు, మంచివాళ్ళు కూడా పొరబడతారని. దీనికి ఆ తలుపేది?"

"మేం పొరబడం."

"అలా అన్నవాళ్ళ లిఫ్టు నేనెక్కను," అని ఆమె లేచింది. అతని అమ్మ వైపు తిరిగి, "వంట చాలా బాగుంది ఆంటీ, వాసనకే తెలుస్తోంది. తినకుండా వెళ్తున్నందుకు క్షమించండి," అంది.

బన్నుల దొర కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు.

తరవాత వీధిలోకి పరిగెత్తుకొచ్చాడు.

"ఆగు! మామయ్య నోరంతే. నాన్న గుర్తు కదా, నేను ఇప్పటికిప్పుడు ఎలా..."

"నేను పిస్టల్ సంగతి అడగట్లేదు." ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి, గొంతులో లేవు. "ఆయన నన్ను విమానమెక్కమన్నప్పుడు నువ్వెక్కడున్నావ్? పక్క కుర్చీలోనే ఉన్నావు కదా? నడుముకి అంత ధైర్యం కట్టుకుని తిరుగుతావు, నోట్లో ఇంత లేదా?"

మర్నాటి నుంచి కిటికీ దగ్గర ఎవరూ నిలబడలేదు.

ఆమె నాన్నకి ఫోన్లో గొంతు విని విషయం తెలిసిపోయింది. "ఆ దేశంలో పిల్లాణ్ణా?" అని మొదలుపెట్టి, "నేనే వచ్చి తీసుకొస్తా," అని ముగించాడు. లిఫ్టుల పని కూడా అయిపోవచ్చింది. వద్దని గట్టిగా చెప్పే ఓపిక ఆమెకి లేకపోయింది.

వెళ్ళేముందు గొడుగు తిరిగిచ్చెయ్యాలి. జనం ముందు ఇవ్వడం ఇష్టం లేక, కొట్టు తెరవకముందే, ఇంకా మసక వెలుతురుండగా వెనక గుమ్మం నుంచి వెళ్ళింది. లోపల రేడియో మోగుతోంది, ఓవెన్ హోరుమంటోంది. రెండుసార్లు పిలిచింది. వినిపించలేదు. తలుపు తోసింది. తలుపు వెనక పేర్చిన ఖాళీ ట్రేలు దబదబా కూలాయి.

అతను గిర్రున తిరిగాడు. గుమ్మంలో నీడ. ఆ నీడ చేతిలో పొడుగ్గా ఏదో.

పిస్టల్ ఎప్పుడు చేతిలోకి వచ్చిందో అతనికే తెలియలేదు.

"నేను," అందామె. "నేనే."

గొడుగు కింద పడింది. అతను పిస్టల్‌ని బల్ల మీద పెట్టాడు. పిండి బస్తా మీద కూలబడ్డాడు.

"ఇన్నేళ్ళలో..." అన్నాడు. "ఇన్నేళ్ళలో దీన్ని ఒక్కసారే బయటికి తీశాను. అది నీ మీదికి."

ఆమె కూడా గోడకి ఆనుకునే నిలబడింది. కాస్త కుదుటపడ్డాక భయం పోయి కోపం వచ్చింది.

"ఆదివారం మా నాన్న వస్తున్నాడు, నన్ను తీసుకెళ్ళడానికి. ఒకటి గుర్తుపెట్టుకో. నీకు భయపడి వెళ్ళట్లేదు. నీ పిస్టల్‌కి భయపడీ కాదు. నీ మీద కోపంతో వెళ్తున్నా."

వచ్చిన గుమ్మంలోంచే వెళ్ళిపోయింది. ఆ రోజు బేకరీ తెరవలేదు.

ఇంటికెళ్ళి, అతను పిస్టల్‌లోంచి తూటాలు తీసి విడిగా పెట్టి, రెండూ వాళ్ళమ్మ ముందుంచి జరిగింది చెప్పాడు. మేనమామ కూడా అక్కడే ఉన్నాడు.

"వెనక గుమ్మంలోంచి చెప్పకుండా రావడం ఆ పిల్ల తప్పు," అన్నాడాయన.

"తప్పే అనుకుందాం మామయ్యా. తలుపు తోసిన తప్పుకి చంపేస్తారా?"

"చంపలేదుగా!"

"ఎందుకు చంపలేదో నాకు తెలీదు. అదే చెప్తున్నా. నా వేలు ఎందుకాగిందో నాకు తెలీదు. స్టేషన్‌కెళ్ళి అప్పగించేస్తున్నా."

"బయటిదాని మాట విని మీ నాన్న గుర్తుని..."

"ఆమె మాట విని కాదు. నా చెయ్యి చూసుకుని." అతను లేచి నిలబడ్డాడు. "ఇంకొకటి. ఆ రోజు ఆమెని మీరు పొమ్మన్నప్పుడు నేను మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నా. ఈ ఇంట్లో ఆమెని ఇంకెవరూ పొమ్మనరు. మీరైనా సరే."

మేనమామ ముఖం కందగడ్డలా అయింది. సాయం కోసం అక్కగారి వైపు చూశాడు.

ఆవిడ పిస్టల్ కేసి చూస్తోంది. "మీ నాన్న అది కొన్ననాటి నుంచి నేను కంటినిండా నిద్రపోలేదురా," అంది మెల్లగా. "నువ్వేమో దాన్ని కట్టుకుని, ఆయన్నే పక్కన పెట్టుకున్నంత మురిపెంగా చూసుకునేవాడివి. నా నోరు నొక్కుకున్నాను. మీ నాన్న గుర్తు కావాలంటే ఆ కొట్టుంది, ఆ రొట్టెలున్నాయి. ఇది ఆయన గుర్తు కాదు, ఆయన భయం గుర్తు. పట్టుకెళ్ళు."

అతను పట్టుకెళ్ళాడు. వచ్చేటప్పుడు వెనక గుమ్మానికి బిగించడానికి ఇనప గ్రిల్లూ కాలింగ్ బెల్లూ తెచ్చుకున్నాడు.

ఆదివారం ఆమె తల్లిదండ్రులు దిగారు. నాన్న ఎయిర్‌పోర్టు నుంచీ ఎదురొచ్చిన ప్రతి మనిషి నడుమూ చూస్తూనే ఉన్నాడు. వీధి మలుపు తిరగ్గానే వెన్న వాసన తగిలింది. అమ్మకి ఆకలి.

"అక్కడికి వద్దు," అంది ఆమె. అమ్మ అప్పటికే లోపలికెళ్ళి క్యూలో నిలబడింది. తప్పక ఆమె కూడా గుమ్మం దాటింది.

"జాగ్రత్త," అన్నాడు నాన్న, మెల్లగా చెప్తున్నాననుకుని అందరికీ వినబడేలా. "హంతకుల దేశం. ఇక్కడ మనుషులు తుపాకీతో పుట్టి తుపాకీతోనే పోతారు."

క్యూ మొత్తం వెనక్కి తిరిగింది. అందులో ఉన్న ఆమె పక్కింటి మామ్మ ముఖం చిన్నబోయింది.

"నాన్నా, ఆపు." ఆమె గొంతు నాన్నకన్నా గట్టిగా లేచింది. "జ్వరంతో నేను మంచానపడితే మూడుపూటలా సూపు తెచ్చి తాగించింది ఈ మామ్మే. ఈ మామ్మ సోఫా కింద రైఫిల్ ఉంది. రెండూ నిజమే. ఆ రైఫిల్ అక్కడ ఉండకూడదని ఆవిడ సూపు తాగుతూనే చెప్పాను, ఇంకా చెప్తాను. కానీ వీళ్ళని ఒక్కమాటలో హంతకులు చేసేస్తే నేనూరుకోను. వీళ్ళు మనల్ని పిరికివాళ్ళంటే ఎంత తప్పో, నువ్వన్నదీ అంతే తప్పు."

"చెప్పింది, చెప్పింది," అంది మామ్మ క్యూ అందరికీ. "సూపు చల్లారిపోయేదాకా చెప్పింది."

లోపలి నుంచి బన్నుల దొర వచ్చాడు. ఆమె చూపు, తనకి తెలియకుండానే, అతని నడుము మీదికి పోయింది. బెల్టుంది. బెల్టే ఉంది.

అతను నేరుగా ఆమె నాన్న ముందుకొచ్చి ఆగాడు. "నమస్కారమండీ. మీ అమ్మాయిని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నది నేనే."

నాన్న అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "నీ దగ్గర తుపాకీ ఉందా?"

"ఉండేదండీ. పోలీసులకి ఇచ్చేశాను."

"ఎందుకిచ్చేశావ్?"

వద్దని ఆమె కళ్ళతోనే సైగ చేసింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. అతను చూశాడు, అయినా ఆగలేదు.

"మీ అమ్మాయి మీద ఎక్కుపెట్టానండీ. దొంగనుకుని."

అమ్మ కూతురి భుజం పట్టుకుంది. నాన్న చెయ్యి లేచింది, మళ్ళీ కిందికి దిగింది.

"ఈ మాట నాకెందుకు చెప్పావు? దాచుకోవచ్చుగా? నీకు పిల్లనిస్తానని ఎలా అనుకున్నావ్?"

"ఇవ్వరేమోనని భయంగానే ఉందండీ. కానీ ఇది దాచి అడిగితే నడుముకి ఇంకోటి కట్టుకున్నట్టే."

నాన్న కూతురివైపు తిరిగాడు. "ఇంత జరిగాక కూడా వీడేనా?"

ఆమె అతన్నే చూస్తోంది. కాలిన మచ్చల చేతులు, భయంతో పాలిపోయిన ముఖం. ఐనా చూపు దించట్లేదు. ఆ రోజు కంచంలోకి చూస్తూ కూర్చున్న మనిషి కాదితను.

"వీడే నాన్నా. నువ్వు ఒప్పుకున్నా వీడే, ఒప్పుకోకపోయినా వీడే. ఒప్పుకుంటే కొంచెం సంతోషంగా చేసుకుంటాను."

నాన్న సమాధానం చెప్పకుండా కౌంటర్ దగ్గరికెళ్ళి ఒక బన్ను తీసుకుని కొరికాడు. నమిలాడు. ఇంకోసారి కొరికాడు.

"బాగా చేస్తాడు," అన్నాడు భార్యతో, ఓడిపోయిన గొంతుతో. "నువ్వూ తిను."

క్యూలో ఎవరో చప్పట్లు కొట్టారు. మామ్మ కళ్ళు ఒత్తుకుంది.

నిశ్చితార్థం రోజున మేనమామ గుమ్మం దాకా వచ్చి, చొక్కా కింద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. గొణుక్కుంటూ ఇంటికి తిరిగెళ్ళి, మళ్ళీ వచ్చాడు. ఈసారి కంచం పక్కన చెంచా ఒక్కటే ఉంది. ఆమె స్వయంగా వడ్డించింది. ఆయన ముద్ద దిగడానికి కాస్త కష్టపడ్డాడు గానీ, దిగింది.

"ఒక్క పూటకే సుమా," అన్నాడాయన. "నా పిస్టల్ నాదే. నా బుర్ర మారలేదు."

"తెలుసు మామయ్యగారూ. నాకూ తొందర లేదు."

అందరూ వెళ్ళాక మెట్లమీద కూర్చున్నారిద్దరూ. అతను ఆమె వేలికున్న ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పుతూ, "పెళ్ళయితే నువ్వూ ఈ దేశం మనిషివైపోతావు. కాగితాలు కూడా వచ్చేస్తాయి," అన్నాడు మురిసిపోతూ.

"అవును కదా!" ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇక నన్నెవరూ 'నువ్వు పరాయిదానివి, నీకేం తెలుసు, నోర్మూసుకో' అనలేరు."

అతను ఉంగరం తిప్పడం ఆపేశాడు. "అంటే, ఇన్నాళ్ళూ నువ్వు మాట్లాడింది..."

"మొహమాటపడి మాట్లాడింది," అందామె అతని భుజం మీద తల వాల్చి. "నా అసలు నోరు మీరంతా ఇంకా వినలేదు."